మా అమ్మాయి డెమో చూడ్డానికి అమీర్‌పేట

మా తునిలో ఎవరైనా హైదరాబాద్ వెళ్ళొచ్చానంటే అడిగే ప్రశ్నలు రెండే. చార్మినార్ చూశావా? బిర్యానీ తిన్నావా? నేను చార్మినార్ ఎక్కలేదు సరికదా, దూరం నుంచి కూడా చూడలేదు. నేను చూసింది అమీర్‌పేట, కొంచెం పంజాగుట్ట. "దానికోసం అంత దూరం వెళ్ళారా టీచరుగారూ?" అని మా వీధిలో ఆడవాళ్ళు మూతి విరిచారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. కాకిపిల్ల కాకికి ముద్దంటారని నాకూ తెలుసు. అయినా రాస్తాను.

నేను హిందీ పండిట్‌గా పనిచేసి రిటైరైనదాన్ని. క్రియలంటే నాకు ప్రాణం. నా క్లాసులో పిల్లలు భూత, భవిష్యత్, వర్తమాన కాలాలు మూడూ ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేవారు. మా అమ్మాయి మాధురి కూడా ఆ బెంచీల మీద కూర్చుని వల్లించిందే. పెళ్ళయి హైదరాబాద్ వెళ్ళాక జర్మన్ నేర్చుకుంది. ఇప్పుడు అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఇంగ్లీషూ జర్మనూ చెబుతుంది. చెబుతుందంటే, ఏ సారైనా సెలవు పెడితే ఆ రోజు పాఠం ఈమెది. మిగతా రోజులు పేపర్లు దిద్దడం, వెనకబడినవాళ్ళకి మళ్ళీ చెప్పడం. సొంత బ్యాచ్ అంటూ లేదు. ఇన్నాళ్ళకి ఇన్‌స్టిట్యూట్ యజమాని ఆమెకి జర్మన్ డెమో ఇచ్చాడు.

డెమో అంటే ఏమిటో చెప్పాలి. అమీర్‌పేటలో ఏ కోర్సుకైనా మొదట మూడు రోజులు ఉచితంగా పాఠం చెబుతారు. నచ్చితే ఫీజు కట్టి ఉండిపోతారు, నచ్చకపోతే లేచి ఎదురు గదిలోకి పోతారు. మన బజార్లో మామిడిపండ్లు కొనేముందు ముక్క కోసి చేతిలో పెడతారు చూడండి, అలాగన్నమాట. మూడో రోజుకి ఇరవై మంది కడితే బ్యాచ్ మాధురిది. లేకపోతే ఎదురు హాల్లో చెప్పే సీనియర్ సారుకి అది కూడా ఇచ్చేస్తారు, ఈమె మళ్ళీ సెలవుల టీచరే. ఫోన్లో ఈ మాట మాధురి చాలా తేలిగ్గా చెప్పింది. కన్నతల్లికి ఆ గొంతు తెలియదా? వెంటనే బట్టలు సర్దుకున్నాను.

మెట్రో మెట్ల దగ్గర

అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగానో లేదో, చేతిలో కాగితం పడింది. కాగితాలు పంచుతున్నది నా ఈడు మనిషే. "నాకెందుకమ్మా, మనవల్ని ఎత్తుకునే వయసులో" అన్నాను.

"మీ ఇంట్ల ఎవ్వరికన్నా అక్కరొస్తదమ్మా, తీస్కోండ్రి" అంది.

ఆవిడ దగ్గర తీసుకున్నానని చూసి ఇంకో నలుగురు చుట్టుముట్టారు. రోడ్డు మీదకొచ్చేసరికి నా చేతిలో పరీక్ష పేపర్ల కట్టంత కట్ట. మా ఊళ్ళో కాగితాలు పంచితే చీరల తగ్గింపు గురించో, కొత్త పళ్ళ డాక్టరు గురించో ఉంటుంది. ఇక్కడ సగం కంప్యూటర్ కోర్సులు, సగం భాషలు. ఇంగ్లీషు, జర్మన్, ఫ్రెంచ్, జపనీస్. తలెత్తి చూస్తే బోర్డు మీద బోర్డు, దాని మీద ఇంకో బోర్డు. అసలు గోడ ఏ రంగో చెప్పడం కష్టం.

ఆటో అతన్ని పిలిచి, నా హిందీ చూపించే అవకాశం వచ్చింది కదా అని గొంతు సవరించుకున్నాను. "భాయీ సాహబ్, క్యా ఆప్ కృపయా ముఝే యూసుఫ్‌గూడా తక్ పహుంచా దేంగే?" అన్నాను. నెరిసిన గడ్డం, తెల్ల టోపీ. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"అమ్మా, మీది తెలుగేనా? జర తెలుగుల చెప్పుండ్రి. రేడియోల వార్తలు చదివినట్టున్నది."

ఇంకెవరైనా అంటే కడిగేసేదాన్నే. కానీ ఆయన నవ్విన తీరుకి నాకూ నవ్వొచ్చింది. ఆయన పేరు ఖాజా. ఎందుకొచ్చారని అడిగితే మాధురి సంగతి చెప్పాను. "అమీర్‌పేట్‌ల పాఠం చెప్పుడంటే మామూలు ముచ్చట కాదమ్మా" అన్నాడు. "ఈడ పిల్లలు ఎవ్వరి మాట ఊకె వినరు. మా బిడ్డ సుత గీడనే ఇంగ్లీష్ నేర్సుకున్నది. ఇప్పుడు దవాఖానల ముందల టేబుల్ కాడ కూసుంటది." అంత గౌరవంగా మాట్లాడాడు కాబట్టి పదో పాతికో తగ్గిస్తాడనుకున్నాను. మెచ్చుకోలు మెచ్చుకోలే, మీటరు మీటరే. పైసా తగ్గలేదు.

యూసుఫ్‌గూడ వంటింట్లో

మాధురి వాళ్ళది యూసుఫ్‌గూడలో రెండు గదుల అద్దె ఇల్లు. నేను వెళ్ళేసరికి మా వియ్యపురాలు సత్తెమ్మ వదిన బోరబండ నుంచి సర్వపిండి చేసుకుని వచ్చి కూర్చుంది. వాళ్ళది మెదక్ వైపు పల్లె. ఒకప్పుడు ఇక్కడ ఇళ్ళు కట్టే చోట కూలికి వచ్చారు. ఇప్పుడు బోరబండలో ఆవిడకి చిన్న కిరాణా కొట్టుంది, ఆవిడ మాటంటే ఆ గల్లీలో శాసనం. పెళ్ళిలో వంటల దగ్గర మేమిద్దరం బాగా పోట్లాడుకున్నాం. అప్పటినుంచి మంచి స్నేహం.

సర్వపిండి అంటే బియ్యప్పిండిలో శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం కలిపి గిన్నెకి లోపలే తట్టి కాల్చే రొట్టె. మా తపేళా చెక్కకి దగ్గరి చుట్టం. నేను పట్టుకెళ్ళిన మామిడి తాండ్ర నోట్లో వేసుకుని వదిన "గిది మస్తుగున్నది వదినె" అంది. అక్కడితో రెండు రాష్ట్రాల చర్చలు సఫలమయ్యాయి.

మాధురి మాత్రం వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూ తనలో తను ఏదో అనుకుంటోంది. మెల్లగా నడుస్తుంది, ఆగుతుంది, గబగబా నడుస్తుంది.

"రేపు బోర్డు మీద క్రియారూపాల పట్టిక రాస్తావు కదా?" అని అడిగాను.

"పట్టిక రాస్తే సగం మంది లేచిపోతారమ్మా. మొదటి రోజు బోర్డు ముట్టుకోను."

"బోర్డు ముట్టుకోని టీచరు టీచరేంటే?"

"క్రియ ముందు కాళ్ళలోకి రావాలమ్మా, తర్వాత నోట్లోకి. 'ఆమె వచ్చింది' అంటే ఏం తెలుస్తుంది? మెల్లగా వచ్చిందా, పరుగెత్తుకొచ్చిందా, ఇష్టం లేకుండా వచ్చిందా? ఆ 'ఎలా' అన్నది పక్కన చేరితేనే మనిషి కనిపిస్తుంది. అది బోర్డు మీద కనపడదు."

నాకు నచ్చలేదు. పోట్లాడదామనుకున్నాను గానీ డెమో ముందు రోజు పిల్లని కలవరపెట్టకూడదని నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకున్నానంటే మా తునిలో ఎవరూ నమ్మరు.

అంతా వింటున్న వదిన ఒక్కటే అడిగింది. "హాలు నిండకపోతే ఏమైతది బిడ్డా?"

"మా ఇన్‌స్టిట్యూట్ యజమానికి నా మీద నమ్మకం పోతుంది అత్తమ్మా."

వదిన తలాడించి, వెంటనే డబ్బా సర్దుకుని బోరబండ వెళ్ళిపోయింది. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

మొదటి రోజు, బోరబండ వరసలు

డెమో పొద్దున్న ఏడింటికి. మాధురి ముందే వెళ్ళిపోయింది. నేను ఆ భవనం కింద బండి దగ్గర ఇడ్లీ తిన్నాను. నాలుగు ఇడ్లీ నలభై రూపాయలు, పల్లీ చట్నీ ఎంత కావాలంటే అంత. మా వైపు అల్లం పచ్చడి లేకపోతే ఇడ్లీ దిగదు. ఇక్కడ అడిగితే బండి అతను నావైపు జాలిగా చూశాడు. చుట్టూ అందరూ నిలబడి, ఒక చేత్తో ప్లేటు, ఒక చేత్తో ఫోను పట్టుకుని, మింగుతూనే ఏవో వాక్యాలు వల్లిస్తున్నారు. అంతమంది తింటూ చదవడం నేనెక్కడా చూడలేదు.

నా పక్కన ముప్పై దాటిన ఒకమ్మాయి తింటోంది. పేరు స్వరూప, జనగామ నుంచి వచ్చింది, నర్సు. జర్మనీలో ఆసుపత్రి పనికి వెళ్ళాలని కోరిక. ఈ వారంలో ఇది మూడో డెమో అని చెప్పింది.

"మంచిగ లేకపోతే మధ్యలనే లేసిపోవుడు ఆంటీ. మొహమాటం పెట్టుకుంటె మనకే లాసు" అంది.

ఈ డెమో చెప్పే టీచరు తల్లిని నేనే అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇద్దరం కలిసి రెండో అంతస్తు ఎక్కాం.

హాలు నిండిపోయి ఉంది. నిండిందంటే, బోరబండ ఆడవాళ్ళతో నిండింది. వదిన వాళ్ళ పొదుపు సంఘం మొత్తం తరలివచ్చింది. పట్టుచీరలు, తలనిండా మల్లెపూలు, ఒళ్ళో టిఫిన్ డబ్బాలు. ఒకావిడ మామగారిని కూడా వెంటబెట్టుకొచ్చింది, ఆయన కిటికీ పక్కన కునుకు తీస్తున్నాడు. మధ్యలో మా వదిన పెళ్ళిపెద్దలాగా కూర్చుని చెయ్యూపింది. "వదినె, రా. నీకు సుత జాగ ఆపిన."

కౌంటర్‌లో పనిచేసే లత ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి "ఆంటీ, మీరు జర్మన్ కోర్సుకే వచ్చిన్రా?" అని అడుగుతోంది పాపం. గుమ్మం దగ్గర బ్యాగులు తగిలించుకున్న పిల్లలు లోపలికి తొంగిచూసి, "ఏమన్న ఫంక్షనా భాయ్?" అనుకుంటూ వెనక్కి తిరుగుతున్నారు. కూర్చోడానికి కుర్చీ లేదు. ఎదురు హాల్లో సీనియర్ సారు డెమో అప్పుడే మొదలవుతోంది, అక్కడ కావాల్సినన్ని కుర్చీలు. స్వరూప ఒకసారి లోపలికి చూసింది, వాచీ చూసుకుంది, అటు నడిచింది. వరండా చివర యజమాని చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

వదిన పక్కకి చేరి గుసగుసగా అన్నాను. "వదినా, వీళ్ళలో ఫీజు కట్టేవాళ్ళు ఒక్కరూ లేరు కదా. కట్టేవాళ్ళకి కూర్చోడానికి చోటు లేక వెళ్ళిపోతున్నారు."

"గదేంది వదినె, హాలు నిండాలె అన్నరు గద?" అంది. అనగానే ఆవిడకే అర్థమైంది. మొహంలో కళ పోయింది. "అయ్యో, కోడలు కొంప ముంచితిని" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పెళ్ళికి జనాన్ని పోగుచేసే అలవాటు మనది. నలుగురు మనవాళ్ళు నిండుగా కనిపిస్తే బలం అనుకుంటాం. వదినని తప్పు పట్టలేను, నాకే తునిలో ఓ బస్సు దొరికి ఉంటే నేనూ అదే పని చేసేదాన్ని. కానీ అప్పుడు అవన్నీ తట్టలేదు. మాధురి వైపు చూశాను. మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉంది. బళ్ళో అరిచే నా పాత గొంతు పైకొచ్చేసింది, అందర్నీ లేపి బయటికి నడిపించేద్దామని.

నాకంటే ముందు మాధురి కదిలింది. నేరుగా వదిన దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. "అత్తమ్మా, లేవండి. జర సాయం చెయ్యాలి" అంది. గుమ్మం దాకా తీసుకెళ్ళి, రెండు తలుపులూ బార్లా తెరిచింది. "బయటినుంచి లోపలికి రండి. మెల్లగా."

వదిన బిక్కుబిక్కుమంటూ, పీటల మీదికొచ్చే పెళ్ళికూతురిలా అడుగులో అడుగేసుకుంటూ వచ్చింది. మాధురి గొంతు పెంచి, హాలుకీ వరండాకీ వినపడేలా చెప్పింది. "ఆమె మెల్లగా వస్తోంది. షి కమ్స్ స్లోలీ. జీ కొమ్ట్ లాంగ్‌జామ్." తర్వాత వదిన వైపు తిరిగింది. "అత్తమ్మా, బోరబండ బస్సు కదిలిపోతోంది."

వదిన ఇంక ఆలోచించలేదు. చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి ఉరికింది. "జీ కొమ్ట్ ష్నెల్" అంది మాధురి. వరండాలో పిల్లలు ఘొల్లుమన్నారు. ఎవరో వెనకనుంచి "జీ కొమ్ట్ ష్నెల్" అని తిరిగి అన్నారు. మాధురి వాళ్ళవైపు వేలు చూపించి, "కరెక్ట్. లోపలికొచ్చి చెప్పండి, ఇక్కడ ఒక కుర్చీ ఖాళీ అయింది" అంది.

అంతే. ఒక్కొక్క ఆడమనిషినీ లేపింది. ఒకావిడ గబగబా ఊడ్చింది, ఒకావిడ జాగ్రత్తగా రొట్టె చేసింది, ఒకావిడ గట్టిగా నవ్వింది. "అలిగి కూర్చోండి" అంటే ఒక పెద్దావిడ "నేను ఎవ్వరి మీద అలుగ బిడ్డా" అని మొండికేసింది, దానికి ఇంకో నవ్వు. లేచినవాళ్ళు గోడ వారగా నిలబడ్డారు, ఖాళీ అయిన కుర్చీలో ఒక బ్యాగు పిల్లాడో పిల్లో వచ్చి కూర్చున్నారు. చూస్తుండగానే పొదుపు సంఘమంతా గోడల చుట్టూ బోర్డులైపోయింది. కుర్చీల్లోంచి మూడు భాషల్లో వాక్యాలు వస్తున్నాయి. ఎదురు హాల్లోంచి స్వరూప వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. కాసేపటికి కూర్చుంది. కునుకు తీస్తున్న మామగారిని మాత్రం ఎవరూ లేపలేదు. "ఆయన హాయిగా నిద్రపోతున్నారు" అన్న వాక్యం కూడా పాఠంలో కలిసిపోయింది.

చివరికి నన్ను పిలిచింది. "అమ్మా, నువ్వు బయటినుంచి రా. ఇష్టంగా."

గుమ్మం బయట నిలబడ్డాను. మెల్లగా అయితే నడవొచ్చు, తొందరగా అయితే నడవొచ్చు. ఇష్టంగా ఎలా నడుస్తారు? ఏళ్ళ తరబడి క్రియా విశేషణాలు చెప్పినదాన్ని, ఒక్కదాన్ని చేసి చూపించమంటే కాళ్ళాడలేదు. తలెత్తి చూస్తే హాలు మధ్యలో నా కూతురు, చుట్టూ అంతమంది. ఇంకేం ఆలోచించకుండా నడిచాను. ఎలా నడిచానో నాకు తెలియదు. మాధురి మాట అందించగానే హాలంతా ఒక్కసారిగా "జీ కొమ్ట్ గెర్న్" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

క్లాసు అయ్యాక యజమాని వచ్చాడు. మా వైపు వాడే. "నవ్విన వాళ్ళందరూ ఫీజు కట్టరండి మాధురిగారూ" అన్నాడు. "రేపటి నుంచి ఈ పెద్దవాళ్ళెవరూ లేకుండా చెప్పండి. అప్పుడు చూద్దాం." నాకు ఒళ్ళు మండింది. కానీ ఆయన మాట తప్పు కాదు.

రెండో రోజు, పంజాగుట్ట

వెలివేశారు కదా, రెండో రోజు వదినని తీసుకుని పంజాగుట్ట వెళ్ళాను. అమీర్‌పేట నుంచి మెట్రోలో ఒక్క స్టేషనే. ఆవిడ పొద్దుటినుంచి ఏమీ తినలేదు, "నా వల్లనే గద" అని ఒకటే బాధ. చీరల షాపులోకి లాక్కెళ్ళాను. అక్కడ అబ్బాయి చీర మీద చీర విసురుతుంటే, ఏదీ కంటికి ఆనక వదిన చెయ్యడ్డం పెట్టి "లాంగ్‌జామ్, లాంగ్‌జామ్" అంది.

"ఏం భాష అమ్మా గిది?" అన్నాడతను.

"జర్మన్. మా కోడలు నేర్పుతది" అంది వదిన. ఆ మాట అన్నాక ఆవిడకి ఆకలేసింది.

ఇరానీ హోటల్లో చాయ్ తాగాం. పాతిక రూపాయల చాయ్, పాయసమంత తీపి, పాయసమంత చిక్కన. మా వైపు టీ తాగితే నిద్ర తేలిపోతుంది, ఇది తాగితే అక్కడే కూర్చోవాలనిపిస్తుంది. ఉస్మానియా బిస్కెట్ ముంచుకుంటూ వదిన నెమ్మదిగా అంది.

"నాకు సంతకం సుత రాదు వదినె. ఎక్కడ వోయినా వేలిముద్రనే. బడి గుమ్మం తొక్కలె. నిన్న గంత మంది సదువుకున్న పిల్లల ముంగట నడిచిన. నేను నడుస్తుంటె ఆళ్ళు రాసుకున్నరు. నా కోడలు నడిపిచ్చింది నన్ను."

నేను ఇంకో రెండు చాయ్ చెప్పాను. అంతలో మాధురి ఫోన్ చేసింది. హాలు సగమే నిండిందట. ఎంతమంది కట్టారని అడిగితే, రేపటిదాకా ఎవరూ కట్టరమ్మా అని పెట్టేసింది.

మూడో రోజు, టీ కొట్టు ఎదురుగా

పొద్దున్నే వదిన బల్కంపేట ఎల్లమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. అమ్మవారు నేలమట్టానికి కిందుగా ఉంటుంది, వంగి చూడాలి. మా తలుపులమ్మ తల్లి కొండ మీద, ఈ తల్లి నేల కింద. వదిన ఈసారి బోనాలకి బోనం ఎత్తుతానని మొక్కుకుంది. నేను మామూలుగా మొక్కులు మొక్కను. ఆ రోజు మొక్కాను.

అక్కడినుంచి నేరుగా వెళ్ళి ఇన్‌స్టిట్యూట్ ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. పైకి వెళ్ళకూడదు కదా. రెండో అంతస్తులో మాధురి హాలు కిటికీ రోడ్డు మీదికే ఉంది. మొదట ఏమీ కనపడలేదు. తర్వాత కిటికీలో ఒక తల లేచింది, పక్కన ఇంకోటి, ఒక వరస మొత్తం లేచింది. అందరూ ఒకసారి కూర్చున్నారు, మళ్ళీ లేచారు, ఎవరో కిటికీ పొడవునా మెల్లగా నడిచారు, తర్వాత పరుగెత్తారు.

"నడుస్తున్నరు వదినె" అంది వదిన మునివేళ్ళ మీద లేచి చూస్తూ. "మేం లేకున్నా నడుస్తున్నరు."

నడుస్తున్నారు సరే, కడుతున్నారా? అది కిటికీలోంచి కనపడదు. టీ చల్లారిపోయింది. క్లాసు వదిలిన తర్వాత కూడా చాలాసేపు ఎవరూ దిగలేదు.

లత ఫ్లాస్కు పట్టుకుని టీ కోసం దిగింది. మమ్మల్ని చూసి ముందు నవ్వింది, తర్వాత చెప్పింది. "ఇరవై అడిగిండు గద సారు. ఇరవై ఆరు మంది కట్టిన్రు ఆంటీ. ఎదురు హాల్లకెళ్ళి సుత ఇద్దరొచ్చిన్రు. బ్యాచ్ మేడందే."

వదిన బల్కంపేట దిక్కుకి తిరిగి దణ్ణం పెట్టింది. నేను టీ కొట్టు బల్లని పట్టుకుని నిలబడ్డాను. నా కూతురు నా పద్ధతిని పక్కన పెట్టి, తన పద్ధతిలో గెలిచింది. నాకు కించిత్తు కూడా చిన్నతనం అనిపించలేదు. ఛాతీ ఇంత అయింది.

అప్పుడు మాధురి మెట్లు దిగింది. చుట్టూ పిల్లలు, పక్కన స్వరూప. అందరూ ఒకేసారి ఏవో అడుగుతున్నారు. మాధురి ఫుట్‌పాత్ మీద వెనక్కి వెనక్కి నడుస్తూ, చేతులు తిప్పుతూ, ఏదో వాక్యం చెబుతోంది. వాళ్ళు అంటున్నారు, ఆమె దిద్దుతోంది, మళ్ళీ అనమంటోంది. రోడ్డు దాటి మా వైపే వచ్చారు. మాకు చెయ్యి చాపితే అందేంత దూరంలోంచి నడిచింది. మమ్మల్ని చూడలేదు.

వదిన "మాధు" అనబోయింది. నేను ఆవిడ మణికట్టు పట్టుకున్నాను.

"పిలవకు వదినా. పనిలో ఉంది."

నన్ను చూసి నమస్కారం పెట్టకుండా పోయిన పిల్లని నా సర్వీసులో ఒక్కర్ని కూడా వదల్లేదు నేను. ఆ పొద్దున్న నా పిల్లే నన్ను చూడకుండా నా ముందునుంచి వెళ్ళిపోయింది. ఆ గుంపు మలుపు తిరిగేదాకా కళ్ళప్పగించి చూస్తూ నిలబడ్డాను. పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు, అయినా నాకు కడుపు నిండిపోయింది.